వాడిన కారా, వాడిపోయిన కారా?



తెలుగులో 'వాడు' అనే క్రియలు రెండున్నాయి. ఒకటి ఉపయోగించుట, మరొకటి శుష్కించుట. వాడిన కలము వేరు, వాడిన పువ్వు వేరు. నిఘంటువులు రెంటినీ విడివిడిగానే చూపుతాయి గాని, లోక వ్యవహారంలో మనవారు ఆ రెంటినీ ఎప్పుడో కలిపేసుకున్నారు. ఒకరు వాడిన వస్తువు అనగానే అది వాడిపోయిన వస్తువని మన మనస్సు నిశ్చయించుకుంటుంది. ఇంటికి తెచ్చినది పాత బీరువా అయితే నలుగురిలో చెప్పుకోము. కొత్తదైతే పసుపు కుంకుమలు పెట్టి, వీధి వారందరికీ మిఠాయి పంచుతాము.

అమెరికాలో లీజు ముగిసి అంగళ్ళకు వస్తున్న విద్యుత్తు కార్ల విషయంలో ఈ తిరస్కార భావం పొరపాటని నా అభిప్రాయం. అయితే వాటిలో ఒక భాగం నిజంగానే వాడి ఉండవచ్చు. అమ్మేవాడు కొనేవాడికి చెప్పనిదీ ఆ ఒక్క భాగం సంగతే. ఈ టపాలో ఆ రెండు మాటలూ చెప్పదలచుకున్నాను.

ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ పాఠశాలల్లో తెలుగు చెప్పి, సైకిలు తప్ప మరొక వాహనం ఎరుగనివాడికి కార్ల గొడవ ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. ఛందస్సు చెప్పినవాడికి గురులఘువులు లెక్కపెట్టడం అలవాటు. ఇదీ ఒక లెక్కే. డాలస్ శివారులో మా అమ్మాయి ఇంట్లో ఉండగా వారు రెండో కారు కొనే ప్రయత్నంలో పడ్డారు. ఇంట్లో పని లేని మనిషిని నేనొక్కడినే గనుక వారితో పాటు ప్రతి శనివారమూ అంగడి అంగడికీ తిరిగాను. వినగా వినగా, చూడగా చూడగా తెలిసిన సంగతులివి.

లీజు అంటే మన కౌలే. కాకపోతే ఈ కౌలులో ఒక చిత్రం ఉన్నది. మూడేళ్ళ తరువాత ఆ కారు విలువ ఎంత ఉంటుందో సంతకం చేసే రోజునే కాగితం మీద రాసేస్తారు. కొత్త ధర నుంచి ఆ అవశేష విలువను తీసివేయగా మిగిలినదానిని, వడ్డీతో కలిపి, నెలనెలా కౌలుదారు కడతాడు. సాధారణంగా 36 నెలల గడువు. ఏటికి 10,000 లేక 12,000 మైళ్ళ హద్దు. హద్దు దాటితే మైలుకింత అని రుసుము. గడువు తీరాక కాగితం మీది విలువ చెల్లించి కారు ఉంచుకోవచ్చు, లేదా తాళాలు తిరిగి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు.

విద్యుత్తు కార్లలో ఈ జోస్యం ఘోరంగా తప్పింది. దానికి కారణాలు లేకపోలేదు. 2023 జనవరిలో టెస్లా తన కొత్త కార్ల ధరలను ఒక్కసారిగా తగ్గించింది. కొత్తదాని ధర పడితే పాతది నిలుస్తుందా? తరువాత 2024 జనవరిలో, అద్దె కార్ల సంస్థ హెర్ట్‌జ్ తన దగ్గరున్న విద్యుత్తు కార్లలో సుమారు 20,000 అమ్మివేస్తున్నట్లు ప్రకటించింది. మూడో కారణం కొంచెం వివరించదగినది. 2022 ఆగస్టులో వచ్చిన చట్టం కొత్త విద్యుత్తు కారు కొనేవారికి 7,500 డాలర్ల దాకా పన్ను రాయితీ ఇచ్చింది గాని, కారు ఉత్తర అమెరికాలోనే తయారు కావాలి, కొనేవారి ఆదాయం ఇంతకు మించరాదు అని షరతులు పెట్టింది. లీజుకిచ్చిన కారును మాత్రం వాణిజ్య వాహనంగా లెక్కించారు. ఆ షరతులు దానికి వర్తించలేదు. కొరియా నుంచి ఓడలో వచ్చిన కారు కొంటే రాయితీ లేదు, అదే కారు కౌలుకు తీసుకుంటే ఉన్నది! ఇంకేమున్నది, జనం లీజుల మీద పడ్డారు. శాసనకర్తలు ఒక ద్వారం మూసి గొళ్ళెం పెడితే, గుమాస్తాలు పెరటి గుమ్మం తెరిచారన్నమాట. ఆ రాయితీలన్నీ 2025 సెప్టెంబరు 30తో ముగిశాయి. వాడిన కారుకు ఇచ్చిన 4,000 డాలర్ల రాయితీ కూడా ఆ రోజుతోనే పోయింది. కాని 2023లో, 2024లో రాసుకున్న మూడేళ్ళ కౌళ్ళు 2026లో, 2027లో తీరుతాయి. అందుచేత ఈ కార్లు ఇప్పుడు గుంపులు గుంపులుగా తిరిగి వస్తున్నాయి.

ఊరికే లెక్క కోసం చెబుతాను. 45,000 డాలర్ల కారుకు మూడేళ్ళ తరువాత 27,000 విలువ ఉంటుందని కాగితం మీద రాసుకున్నారనుకోండి. గడువు తీరేనాటికి అటువంటిదే బయట 21,000కు దొరుకుతున్నది. ఇక కౌలుదారు 27,000 ఇచ్చి ఎందుకు ఉంచుకుంటాడు? తిరిగి ఇచ్చేస్తాడు. ఆ ఆరు వేల నష్టం అప్పిచ్చిన సంస్థ భరించవలసిందే. కారు వేలానికి, అక్కడి నుంచి అంగడికి చేరుతుంది. అంటే, మొదటి మూడేళ్ళ తరుగుదల అనే పిడుగు ఇంకొకరి నెత్తిన పడిపోయింది. కొత్తదనపు వాసన కోసం ఆ పిడుగును మన నెత్తిన వేయించుకోవాలని ఎందుకింత ఆరాటం? ఈ ఒక్క ప్రశ్న మా అల్లుడుగారిని అడిగాను. ఆయన మర్యాదస్తులు, "నిజమే మామయ్యగారూ" అని ఊరుకున్నారు. ఆ "నిజమే"లో అంగీకారం లేదని నాకు తెలుసు.

ఆయన వాదం ఆయనకున్నది, అది తెలివితక్కువ వాదమేమీ కాదు. "మనం హెచ్1బీ మీద ఉన్నవాళ్ళం. ఎన్నాళ్ళుంటామో తెలియదు. వస్తువు సొంతం చేసుకోవడం కన్నా మూడేళ్ళు లీజుకు తీసుకుని ఇచ్చివేయడం మేలు కదా" అంటారు. ఇక్కడి మనవాళ్ళు చాలామంది ఇదే మాట చెప్పగా విన్నాను. నాకు మాత్రం ఇది తలక్రిందులుగా తోస్తున్నది. హెచ్1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికైనా, పెట్టె సర్దుకోవడానికైనా ఉన్నది 60 రోజులు. లీజు కాగితానికి ఆ సంగతి పట్టదు. గడువుకు ముందే విడిపించుకోవాలంటే మిగిలిన కంతులలో పెద్ద భాగం, పైన రద్దు రుసుము చెల్లించవలసి వస్తుంది. మా అమ్మాయి వాళ్ళకు తెలిసిన ఒక కుటుంబం పోయిన ఏడు ఈ దేశం వదిలి వెళ్ళింది. ఆ అరవై రోజుల్లో సగం రోజులు కారు వదిలించుకోవడానికే పోయాయట. సొంత డబ్బుతో కొన్న వాడిన కారైతే ఒక మధ్యాహ్నం అంగడికి తోలుకుపోయి, వచ్చినంత పుచ్చుకుని విమానమెక్కవచ్చు. ఉండడం అనిశ్చితమైనవాడికి కావలసినది వదిలించుకోదగిన వస్తువు. మూడేళ్ళు కట్టిపడవేసే కాగితం అటువంటిది కాదు.

ఇంతవరకు కొనమన్న పక్షం. ఇక రెండో పక్షం.

మా గోదావరి డెల్టాలో కౌలు సంగతి తెలిసినవారికి ఈ మాట సులభంగా అర్థమవుతుంది. పదేళ్ళు తానే చేస్తానని నమ్మకమున్న రైతు వరి కోశాక జీలుగో, పిల్లిపెసరో చల్లి దున్ని మట్టికి బలం పెడతాడు. వచ్చే ఏడు ఈ చేను నాది కాదని తెలిసిన కౌలుదారు ఆ పని చేయడు. గట్లు సరిగానే ఉంటాయి, కలుపు తీసే ఉంటుంది, చూసినవారు చేను బాగున్నదనే అంటారు. సారం మాత్రం తగ్గి ఉంటుంది. అది అతని దుర్మార్గం కాదు, కౌలు స్వభావం.

లీజు కారు కూడా అంతే. గీతలు పడితే రుసుము కట్టాలి కనుక బయట మెరుస్తూనే ఉంటుంది. మైళ్ళకు హద్దు ఉన్నది కనుక తక్కువే తిరిగి ఉంటుంది. పెట్రోలు కారుకైతే ఈ రెండూ చాలు. విద్యుత్తు కారుకు ప్రాణం దాని బ్యాటరీ. లిథియం బ్యాటరీకి వేడి గిట్టదు, రోజుల తరబడి నిండుగా ఉండడమూ గిట్టదు. అందుకే చాలా కార్లకు రోజువారీ 80 శాతం దాకా నింపి ఆపమని చెబుతారు. (ఇనుము, ఫాస్ఫేటు కలిపిన రకం బ్యాటరీలున్న కార్లకు మాత్రం అప్పుడప్పుడు పూర్తిగా నింపమంటారు. ఆ భేదం తెలుసుకోవాలి.) మూడేళ్ళకు తిరిగి ఇచ్చివేసేవాడు ఎనిమిదో ఏట ఈ బ్యాటరీ ఎలా ఉంటుందని ఎందుకు ఆలోచిస్తాడు? రోజూ నూరు శాతం నింపి, డాలస్ ఎండలో ఆఫీసు ముందు నిలబెట్టినా అతడిని అడిగేవారు లేరు. తిరిగి ఇచ్చే రోజున గీతలు లెక్కపెట్టే పెద్దమనిషి బ్యాటరీ జోలికి పోవడం నేను వినలేదు.

అయినా భయపడి పారిపోవలసినంత ప్రమాదం లేదు. ద్రవంతో చల్లబరిచే ఏర్పాటున్న కార్లలో బ్యాటరీ మొదటి ఒకటి రెండేళ్ళు కాస్త తగ్గి, ఆపైన నెమ్మదిగా తరుగుతుంది. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్ళు లేక 1,00,000 మైళ్ళు హామీ ఇస్తాయి, శక్తి 70 శాతం కన్న పడిపోతే బాగుచేస్తామంటాయి. ఆ కాలం కారు మొదట అమ్ముడైన రోజు నుంచి లెక్క. మూడేళ్ళ కారులో ఇంకా ఐదేళ్ళున్నట్లే. రెండో యజమానికి ఆ హామీ యథాతథంగా సంక్రమిస్తుందా లేదా అన్నది కాగితం తెప్పించుకుని చదవాలి. అమ్మేవాడి నోటి మాట చాలదు.

కార్లన్నీ ఒక్కటి కావని కూడా గుర్తుంచుకోవాలి. నిస్సాన్ వారి లీఫ్ 2010 డిసెంబరులో వచ్చింది. అందులో బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. ఆరిజోనా ఎడారి ఎండలకు బ్యాటరీ బలం త్వరగా పడిపోతున్నదని 2012లో ఫీనిక్స్ ప్రాంతపు యజమానులు మొరపెట్టుకున్నారు. అటు తరువాత కంపెనీ బ్యాటరీ బలానికి కూడా హామీ ప్రకటించవలసి వచ్చింది. పైగా 2025 మోడల్ దాకా అమెరికాలో లీఫ్‌కు వేగంగా చార్జి చేసే మూతి చాడెమో పద్ధతిది. ఆ పద్ధతి ఇక్కడ క్రమంగా కనుమరుగవుతున్నది. ఊళ్ళో తిరగడానికైతే సరే, దూర ప్రయాణాలకు నేను సలహా ఇవ్వను.

షెవ్రొలే బోల్ట్ కథ దీనికి విరుద్ధం. బ్యాటరీలు అంటుకునే ప్రమాదమున్నదని 2021 ఆగస్టు నాటికి అప్పటిదాకా తయారైన బోల్ట్‌లన్నింటినీ వెనక్కు పిలిచారు. ఎన్నో కార్లకు కొత్త బ్యాటరీలు వేశారు, వాటికి కొత్తగా హామీ కూడా ఇచ్చారు. అంటే శరీరం 2017 నాటిది, ప్రాణం 2022 నాటిది! శంకరుల పరకాయ ప్రవేశం కథ వినిపించాను మా అమ్మాయికి. "చిన్నప్పుడు చెప్పారు నాన్నగారూ, ఇప్పుడు నడిపి చూడండి" అని నవ్వింది. అయితే కొన్ని బోల్ట్‌లకు బ్యాటరీ మార్చకుండా, పరిశీలించే సాఫ్ట్‌వేర్ మాత్రమే వేసి సరిపెట్టారు. ఏ కారుకు ఏది జరిగిందో దాని గుర్తింపు సంఖ్య పట్టుకుని అడగాలి. 2024లో హ్యుందాయ్, కియా కార్లు కొన్నింటిని చార్జింగ్ నియంత్రించే పరికరం చెడుతున్నదని వెనక్కు పిలిచారు. ఆ మరమ్మతు జరిగిందో లేదో అదే సంఖ్యతో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వారి జాలస్థలిలో ఉచితంగా చూడవచ్చు.

మేము చూసిన ఒక అంగట్లో అమ్మకందారు కుర్రవాడు తెరమీద కనబడే మైళ్ళ సంఖ్య చూపించి, "చూడండి, కొత్తదానిలాగే ఉన్నది" అన్నాడు. ఆ సంఖ్య బ్యాటరీ ఆరోగ్యం చెప్పదు. ఇటీవల కారు ఎలా నడిచిందో చూసి, ఇకపై ఎంత దూరం పోగలదో వేసే అంచనా అది. రెండు రోజులు ఊళ్ళో నెమ్మదిగా తిప్పితే పెరుగుతుంది, రహదారి మీద పరుగెత్తిస్తే తగ్గుతుంది.

నిజం తెలియాలంటే చిన్న లెక్క చాలు. కిలోవాట్ గంట అంటూ ఇక్కడివారు భయపెట్టేది మన కరెంటు బిల్లులోని యూనిట్టే. కొత్తలో వాడకానికి 60 యూనిట్లు పట్టే బ్యాటరీ అనుకుందాం. 80 శాతం నుంచి 60 శాతానికి దిగేదాకా నడిపి, ఎన్ని యూనిట్లు ఖర్చయినాయో కారు తెరమీదే చూడండి. 12 అయితే బ్యాటరీ నిక్షేపంలా ఉన్నది. 11 అయితే మొత్తం 55, అంటే వందకు తొంభై రెండు పాళ్ళు మిగిలినట్లు. మూడేళ్ళకు అది సబబే. 9 అయితే నమస్కారం పెట్టి బయటికి రావడం మంచిది. సూక్ష్మమైన కొలత కాదు గాని, మోసపోకుండా కాపాడుతుంది. ఇంకా నిశ్చయం కావాలంటే స్టీరింగు క్రింద ఉండే మూతికి తగిలించే చిన్న పరికరం, ఫోనులో ఒక ఆప్ ఉంటే బ్యాటరీ తన సంగతి తానే చెబుతుంది.

ఆ పరికరం తగిలిస్తామని అల్లుడుగారు అడిగితే ఒక అంగడివారు ఒప్పుకోలేదు. "మా నియమం కాదు" అన్నారు. గుమ్మడికాయ కొనేముందు తట్టి చూడనివ్వని సంత మా ఊళ్ళో లేదు. ఇరవై వేల డాలర్ల వస్తువును తట్టి చూడవద్దట! ఆ కారు బాగానే ఉండి ఉండవచ్చు. మేము మాత్రం అక్కడి నుంచి వచ్చేశాము.

నా అసలు ఫిర్యాదు ఆ అంగడి మీద కాదు, చట్టం మీద. కారు ఎన్ని మైళ్ళు తిరిగిందో దాచరాదని, ముల్లు వెనక్కు తిప్పితే నేరమని ఈ దేశం 1972లోనే శాసనం చేసింది. వాడిన కారు కిటికీకి హామీ ఉన్నదో లేదో తెలిపే కాగితం అతికించాలని మరొక నియమమున్నది. పెట్రోలు యుగానికి ఆ రెండూ సరిపోయాయి. విద్యుత్తు కారులో మైళ్ళ ముల్లు కన్న బ్యాటరీ బలం ముఖ్యమైనప్పుడు, అదీ అదే కాగితం మీద ఎందుకుండదు? కాలిఫోర్నియా 2022లో ఒక నియమం చేసింది, 2026 మోడల్ కార్ల నుంచి బ్యాటరీ ఆరోగ్యాన్ని యజమాని తానే చూసుకునే వీలు కల్పించాలని. ఆ నియమావళికి ఉన్న అనుమతిని 2025 జూన్‌లో కేంద్రం రద్దు చేసింది, రాష్ట్రం కోర్టుకెక్కింది. ఐరోపావారు 2027 ఫిబ్రవరి నుంచి విద్యుత్తు కార్ల బ్యాటరీలకు జాతకపత్రం వంటి దానిని తప్పనిసరి చేస్తున్నారు. ఇక్కడ మాత్రం కొనేవాడే తన పరికరం తాను తెచ్చుకుని, దయచేసి తగిలించనివ్వండని ప్రాధేయపడాలి.

చిల్లర సంగతులు రెండు. కొత్తలో కారుతో ఇచ్చిన చార్జింగు తీగ తిరిగి వచ్చిన కారు డిక్కీలో ఉన్నదో లేదో చూడండి. చాలాసార్లు ఉండదు, విడిగా కొనాలంటే వందల డాలర్లు. బరువైన కార్లు కనుక టైర్లు త్వరగా అరుగుతాయి, వాటినీ చూడాలి. టెక్సాస్‌లో ఉన్నవారు ఏటా 200 డాలర్ల ప్రత్యేక రుసుము కూడా లెక్కలో వేసుకోవాలి. పెట్రోలు పన్ను కట్టరు కదా అని 2023లో పెట్టారు. ఇంట్లో చార్జి చేసుకునే వీలు లేని అపార్టుమెంటు వాసులు మాత్రం నా మాట విని తొందరపడవద్దు. ప్రతి వారమూ బయట చార్జి చేయించుకుంటే ఖర్చులో లాభం చాలావరకు కరిగిపోతుంది.

మన దేశానికి కూడా ఈ ప్రశ్న వస్తున్నది. ఢిల్లీలో, బెంగుళూరులో విద్యుత్తు టాక్సీలు నడిపిన బ్లూస్మార్ట్ 2025 ఏప్రిల్‌లో ఆగిపోయినప్పుడు వేల కార్లు పని లేక నిలబడిపోయాయి. అవి కూడా కౌలు కార్లే. వాడిన విద్యుత్తు కారును వ్యాపారి అమ్మితే అతని లాభం మీద జీఎస్టీని 12 నుంచి 18 శాతానికి పెంచాలని 2024 డిసెంబరులో నిర్ణయించారు. పన్ను ఎంతో నిశ్చయించినవారు బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పించే నియమం కూడా అదే సమావేశంలో అడిగి ఉంటే బాగుండేది. విజయవాడ బందరు రోడ్డులో అంగడివాడు కారు కడిగి, సీటు కవర్లు మార్చి, నిమ్మకాయ కట్టి నిలబెడితే, మన మేష్టారో గుమాస్తానో దేనిని చూసి కొనాలి?

మా వాళ్ళు ప్రస్తుతం ఒక కారు దగ్గర ఆగారు. 2023 మోడల్, 29,000 మైళ్ళు, మొదటి యజమాని హూస్టన్‌లో. అంగడివారు అభ్యంతరం లేకుండా పరికరం తగిలించనిచ్చారు. 93 శాతం చూపింది. అల్లుడుగారు ధర మీద ఇంకా బేరమాడుతున్నారు, అందులో నేను తలదూర్చడం లేదు.

లీజు ముగించి విద్యుత్తు కారు తిరిగి ఇచ్చిన చదువరులుంటే ఒక మాట రాయండి. రోజూ ఎంత శాతం దాకా నింపేవారు? తిరిగి తీసుకునేటప్పుడు బ్యాటరీ గురించి ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారా?